ఎఫ్ఐఎస్ వయసొచ్చింది: పాయింట్ల లెక్క, బిబ్ నంబరు, ఆ తర్వాతి దారి

లేక్‌వుడ్ నాన్న:

అందరికీ నమస్కారం. డెన్వర్ పక్కన ఉంటాం. పాప 2010లో పుట్టింది, ఇప్పుడు స్కీ రేసింగ్ క్లబ్బులో యు16 (పదహారేళ్లలోపు వాళ్ల జట్టు). స్లాలమ్ (మంచులో దగ్గర దగ్గరగా పాతిన గేట్ల మధ్య మెలికలు తిరుగుతూ దిగేది), జీఎస్ (జెయింట్ స్లాలమ్, గేట్లు ఇంకాస్త దూరం) రెండూ చేస్తుంది, సూపర్ జీ (అంతకన్నా వేగమైనది) ఇంకా కొత్త. 2026–27 సీజన్ నుంచి ఎఫ్ఐఎస్ (అంతర్జాతీయ స్కీ సమాఖ్య) రేసులకు వయసు సరిపోతుందని కోచ్ అన్నారు. ఆయన చెబుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఇంటికొచ్చి కాగితం మీద పెడితే ఒక్క ముక్క కలవదు.

పాయింట్లు ఎంత తక్కువుంటే అంత మంచిదట. రేసు గెలిచినా పాయింట్లు మెరుగుపడకపోవచ్చట. కొత్తవాళ్లు చివర్న దిగాలి, వాళ్ల వంతు వచ్చేసరికి కోర్సులో గాడులే మిగులుతాయట. మరి అలాంటప్పుడు ఎవరైనా పైకెలా వస్తారు?

నాకు కావలసినవి ఇవి. లెక్క ఒక ఉదాహరణతో. మొదటి రెండు సీజన్లలో ఎలాంటి రేసులు ఎంచుకోవాలి. స్కీలు ఏ సైజు, ఎన్ని జతలు, పదును ఇంట్లో పెట్టుకోవచ్చా. కాలేజీ జట్టులో చేరితే జాతీయ జట్టు ఆశ వదులుకున్నట్టేనా. ఇంకొకటి, బంధువులు ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది: "ఇండియా తరఫున ఒలింపిక్స్‌కి పంపొచ్చు కదా, అక్కడ పోటీయే ఉండదు" అని. అది కుదిరే పనేనా?

మంచులో మిరపకాయ:

ముందు లెక్క. మిగతావన్నీ దాని తోకే.

ఒక రేసులో వచ్చే ఎఫ్ఐఎస్ పాయింట్లు రెండు ముక్కల మొత్తం. మొదటిది రేసు పాయింట్లు. పాప సమయాన్ని గెలిచినామె సమయంతో భాగించి, అందులోంచి ఒకటి తీసేసి, ఆ విభాగం గుణకంతో హెచ్చించాలి. గుణకాలు: స్లాలమ్ 730, జీఎస్ 1010, సూపర్ జీ 1190, డౌన్‌హిల్ (అన్నిటికన్నా వేగమైనది) 1250. నోటి లెక్కకి ఇలా గుర్తుపెట్టుకోండి: గెలిచినామెకన్నా ఒక్క శాతం ఎక్కువ సమయం పడితే స్లాలమ్‌లో 7.30, జీఎస్‌లో 10.10 పాయింట్లు నెత్తిన పడతాయి.

జీఎస్ రెండు రన్నులూ కలిపి గెలిచినామె 2 నిమిషాలు, మీ పాప 2 నిమిషాల 4 సెకన్లు అనుకోండి. 124ని 120తో భాగిస్తే 1.0333. ఒకటి తీసేసి 1010తో హెచ్చిస్తే 33.67. ఇవి రేసు పాయింట్లు.

రెండో ముక్క పేరు పెనాల్టీ. పేరు చూసి శిక్ష అనుకోకండి, ఆ రోజు దిగినవాళ్లు ఎంత గట్టివాళ్లో కొలిచే అంకె అది. మొదటి పది స్థానాల్లో నిలిచినవాళ్లలో జాబితా పాయింట్లు (అప్పటికే వాళ్ల పేరున ఉన్నవి) అతి తక్కువగా ఉన్న అయిదుగురిని తీసుకుని వాళ్ల పాయింట్లు కూడతారు. అసలు స్టార్టులో నిలబడ్డవాళ్లందరిలో ఉత్తమమైన అయిదుగురి పాయింట్లు కూడా కూడతారు. ఈ రెండూ కలిపి, అందులోంచి ఆ మొదటి అయిదుగురు ఆ రోజు తెచ్చుకున్న రేసు పాయింట్ల మొత్తాన్ని తీసేసి, 10తో భాగిస్తారు. మొదటి మొత్తం 125, రెండోది 100, తీసేయాల్సింది 35 అనుకుంటే 190ని 10తో భాగించి 19.00. రేసు స్థాయిని బట్టి దీనికి కింది హద్దులు, సర్దుబాట్లు ఉంటాయి, వాటిని ఏటా నియమావళిలో చూసుకోవాలి. ఈ 19.00ని పై 33.67కి కలిపితే 52.67. ఆ రోజు పాప సంపాదన అంతే.

గెలిచినామెకి రేసు పాయింట్లు సున్నా కాబట్టి ఆమెకొచ్చేది ఉత్త పెనాల్టీ. పెనాల్టీ 45 ఉన్న చిన్న రేసును, జాబితాలో అప్పటికే 40 ఉన్న అమ్మాయి గెలిచిందనుకోండి. కప్పు ఇంటికొస్తుంది, పాయింట్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. మీరు విన్న మాటకి అర్థం ఇదే.

చాలామంది తల్లిదండ్రులు పొరబడేది ఇంకోచోట. "ప్రపంచ కప్ అమ్మాయి వచ్చి రెండు సెకన్ల తేడాతో గెలిచింది, మా పిల్లల పాయింట్లన్నీ పాడైపోయాయి" అంటారు. అలా జరగకూడదనే మూడో అంకెను తీసేస్తారు. ఆమె అంత దూరం వెళ్లిపోతే వెనకాల నలుగురి రేసు పాయింట్లూ పెరుగుతాయి, తీసేసే మొత్తం పెరుగుతుంది, పెనాల్టీ తగ్గుతుంది. పైగా ఆమె సొంత పాయింట్లు చాలా తక్కువ కాబట్టి రెండు మొత్తాలూ దిగుతాయి. గట్టివాళ్లు వచ్చారని భయపడి వెనక్కి తగ్గితే నష్టం మీకే.

ఇక జాబితా. ఒక్కో విభాగంలో గత 12 నెలల్లో వచ్చిన ఉత్తమ రెండు ఫలితాల సగటే మీ అంకె. ఒకే ఫలితం ఉంటే దానికి కొంత శాతం కలిపి రాస్తారు. అసలేమీ లేకపోతే 999.99. జాబితా సీజన్‌లో చాలాసార్లు కొత్తగా వస్తుంది, సీజన్ జూలై 1తో మొదలవుతుంది.

లెక్కలోకి వచ్చేవి ఉత్తమ రెండే కాబట్టి పడిపోయినా, గేటు తప్పినా పాయింట్ల పరంగా పోయేదేమీ లేదు. ఎంట్రీ ఫీజు, హోటల్ ఖర్చు పోతాయి, అంతే. స్లాలమ్‌లో పెద్దవాళ్లు కూడా అంతమంది పూర్తి చేయకుండా వెళ్లిపోవడానికి ఒక కారణం ఇదే. తెగించి దిగితే పదిలో రెండు తగిలినా చాలు. అయితే 999.99 మీద ఉన్న పిల్లకి ఈ సూత్రం అప్పుడే పనికిరాదు. ముందు రెండు రేసులు ఎలాగో ఒకలా కిందిదాకా దిగి ఏదో ఒక అంకె తెచ్చుకోవాలి. తెగింపు ఆ తర్వాత.

ఇప్పుడు బిబ్, అంటే దిగే వరస చెప్పే నంబరు. ఎఫ్ఐఎస్ రేసులో పాయింట్ల ప్రకారం మొదటి 15 మందికి చీటీ తీస్తారు. ఆ తర్వాత అందరూ పాయింట్ల వరసలోనే. అంకె లేనివాళ్లు అట్టడుగున. వందకు పైగా దిగే రేసుల్లో తొలి ఏడాది పిల్లలకి 90, 100 దాటిన బిబ్బులు మామూలే. మొదటి రన్నులో 30లోపు వస్తే రెండో రన్నులో వరస తిరగబడుతుంది: ముప్పయ్యో స్థానం వాళ్లు మొదట, మొదటి స్థానం వాళ్లు ముప్పయ్యోవాళ్లుగా. వెనక బిబ్బుతో దిగిన పిల్లకి శుభ్రమైన కోర్సు దొరికేది ఒక్క ఆ రెండో రన్నులోనే. అందుకని తన అసలు లక్ష్యం మొదటి రన్నులో ముప్పయిలోపు చేరడం, ఆ తర్వాత వచ్చేది దక్కించుకోవడం.

రేసులు ఎంచుకునేటప్పుడు పెనాల్టీ ఒక్కటే చూడొద్దు, మంచు చూడండి. నీళ్లు ఎక్కించి గడ్డకట్టించిన కోర్సు 80వ బిబ్బుకి కూడా నిలబడుతుంది. మార్చి ఎండలో మెత్తబడ్డ కొండ మీద నలభయ్యో బిబ్బు దాటాక గాడులు మోకాలి లోతు అనిపిస్తాయి. చలిగా ఉండే కొండ, ఉదయం పూట నీడలో ఉండే కొండ, పెద్దగా మలుపుల్లేని సాదా వాలు: కొత్తవాళ్లకి ఇవి కలిసొస్తాయి. ఎక్కి దిగే వాలున్న కొండల మీద తడబాటు ఖరీదు ఎక్కువ.

పదును పిచ్చోడు:

స్కీల గురించి నేను రాస్తాను.

ఎఫ్ఐఎస్ రేసుల్లో ఆడవాళ్ల స్లాలమ్ స్కీ కనీసం 155 సెంటీమీటర్లు. జీఎస్ 188, రేడియస్ (స్కీ దానంతటదే తిరిగే మలుపు వ్యాసార్థం) 30 మీటర్లు. కింది స్థాయి రేసుల్లో 5 సెంటీమీటర్ల వెసులుబాటు ఉంటుంది కాబట్టి తొలి ఏడాది అమ్మాయిలు 183 వాడటం మామూలే. సూపర్ జీ 205, రేడియస్ 40. డౌన్‌హిల్ 210, రేడియస్ 50. మగవాళ్లకి స్లాలమ్ 165, జీఎస్ 193. బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) కింద ప్లేటుతో కలిపి ఎత్తు 50 మిల్లీమీటర్లు, బూటు అడుగు మందం 43 మిల్లీమీటర్లు దాటకూడదు. పాత బూటుకి కొత్త లిఫ్టర్లు (అడుగున వేసే పలకలు) వేయించుకుని కొలత చూసుకోనివాళ్లు దొరికేది ఇక్కడే, అదీ ఫినిష్ దగ్గర, మంచి రన్ను దిగాక.

యు16 నుంచి వచ్చే పిల్లలకి 30 మీటర్ల రేడియస్సే పెద్ద దెబ్బ. పాత స్కీ అంచు మీద వాలితే దానంతటదే తిరిగేది. ఇది తిరగదు. పిల్లలేం చేస్తారంటే మలుపు మొదట్లో పాదం మెలిపెట్టి స్కీని పక్కకి తోస్తారు, గేటు దాటాక గట్టిగా అంచు వేస్తారు. మంచు దుమ్ము గేటు కింద లేస్తే అదే రోగం. ఒత్తిడి గేటుకి పైనే పూర్తికావాలి. దీనికి గేట్లు పాతి వంద రన్నులు చేసినా లాభం లేదు. ఖాళీ వాలు మీద, పొడుగాటి మలుపులతో ఒక నెల పని. మగవాళ్ల జీఎస్ రేడియస్‌ని 2012–13లో 27 నుంచి 35కి పెంచినప్పుడు పెద్ద పెద్దవాళ్లే మొత్తుకున్నారు, 2017–18లో 30కి తగ్గించారు. పిల్లలు తడబడితే తప్పు పట్టకండి.

జతలు: స్లాలమ్ రెండు, జీఎస్ రెండు. కొత్తది రేసుకి, నిరుటిది శిక్షణకి. సూపర్ జీకి ఒకటి చాలు, అదీ క్లబ్బులో పెద్ద పిల్లల దగ్గర పాతది కొనండి. కొత్త రేసు స్కీ బైండింగ్‌తో 1200 నుంచి 1800 డాలర్ల మధ్య పడుతుంది. క్లబ్బు ధరలు వసంతంలో ముందే బుక్ చేసుకునేవాళ్లకే.

పదును ఇంట్లో పెట్టుకోవచ్చు. పెట్టుకోవాలి కూడా, ఎందుకంటే గట్టి మంచు మీద ఒక రోజు శిక్షణకే అంచు పోతుంది.

బేస్ (స్కీ అడుగు) వైపు కోణం మీరు ముట్టుకోవద్దు. షాపులో స్టోన్ గ్రైండింగ్ చేయించినప్పుడే 0.5 డిగ్రీలు, పాప ఇంకా అలవాటు పడుతుంటే 0.75 పెట్టించి వదిలేయండి. ఆ కోణం ఒకసారి పెరిగిందంటే మళ్లీ తగ్గించాలంటే బేస్ మొత్తం అరగదీయాల్సిందే, స్కీ ఆయుష్షు అక్కడే పోతుంది. మీ పనంతా పక్క అంచు మీద: 87 డిగ్రీల గైడు.

అంచు పైనున్న ప్లాస్టిక్ గోడని ముందు దానికోసమే ఉండే చెక్కుడు కత్తితో కొంచెం చెక్కండి. అది అడ్డుంటే ఫైలు ఇనుము మీద ఆనదు, మీరు గంటసేపు ప్లాస్టిక్కే రాస్తుంటారు. అంచు మీద మార్కరు పెన్నుతో గీయండి. ఫైలుని ముక్కు నుంచి తోక వైపు ఒకే ఒత్తిడితో లాగండి. మార్కరు రంగు అంతటా సమానంగా పోతే కోణం కుదిరినట్టు. ఆ తర్వాత డైమండ్ రాళ్లు 200, 400, 600, నీళ్లు చల్లుతూ. చివర్న రబ్బరు రాయితో ఒక్కసారి తేలిగ్గా, వేలాడే ఇనుప పొర పోయేదాకా. ఆ పొర ఉండిపోతే వేలికి మహా పదునుగా తగులుతుంది, మంచు మీదకెళ్లాక స్కీ ఒకచోట పట్టేసి ఒకచోట జారుతుంది. "స్కీ వింతగా ఉంది నాన్నా" అని పాప అంటే మొదట చూడాల్సింది ఇదే.

రాయి తగిలిన చోట ఇనుము గట్టిపడుతుంది. దాని మీద నేరుగా ఫైలు పెడితే ఫైలు జారిపోతుంది, పళ్లు కూడా పోతాయి. ముందు ముతక డైమండ్‌తో ఆ చోటు మెత్తబరిచి, అప్పుడు ఫైలు.

మైనం: దాని ప్యాకెట్టు మీద రాసిన వేడికి ఇస్త్రీ పెట్టండి, ఒకచోట ఆపొద్దు. పొగ వస్తే వేడెక్కువ. గది చలికి చల్లారాక గీకి, ఇత్తడి, గుర్రపు వెంట్రుక, నైలాన్ బ్రష్షులు ఆ వరసలో. ఫ్లోరిన్ మైనం 2023–24 నుంచి నిషేధం. ఆ అక్టోబరులో జోల్డెన్ జీఎస్‌లో ఆరో స్థానంలో నిలిచిన నార్వే రేసర్ రాగ్న్‌హిల్డ్ మోవిన్‌కెల్ స్కీ పరీక్షలో పట్టుబడి ఫలితం కోల్పోయింది. మీ ప్రమాదం కొత్త మైనంలో లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బ్రష్షులు, ఇస్త్రీపెట్టె, పాత స్కీల బేస్‌లో ఉంటుంది. అవి మార్చేయండి, స్కీలని రెండు మూడుసార్లు వేడి మైనంతో కడిగించండి.

బైండింగ్ అంకె (ఎంత బలానికి బూటు ఊడాలో చెప్పేది) మాత్రం ఇంట్లో తిప్పొద్దు. "మధ్యలో ఊడింది" అని భయపడి పెంచుతూ పోతారు. చాలాసార్లు ఊడటానికి కారణం ఆ అంకె కాదు, మడమ వైపు ముందుకి నెట్టే ఒత్తిడి సరిగ్గా లేకపోవడం, లేదా బూటు అడుగు అరిగిపోవడం. షాపులో పరీక్ష యంత్రం మీద పెట్టించండి.

చలికోటు శాస్త్రి:

మిరపకాయ గారి లెక్కలో తప్పులేదు. కానీ ఆ లెక్క తెలిసిన తల్లిదండ్రులు చేసే పని నాకు నచ్చదు. పెనాల్టీల పట్టిక ముందేసుకుని, వారం వారం ఎనిమిది గంటలు కారు నడుపుకుంటూ రేసు నుంచి రేసుకి తిరుగుతారు. నాలుగు రోజుల ప్రయాణంలో పిల్ల స్కీ మీద ఉండేది ఎనిమిది రన్నులు. అదే నాలుగు రోజులు సొంత కొండ మీద ఉంటే నలభైకి తక్కువ కాదు. పదహారేళ్ల పిల్ల పాయింట్లు తగ్గేది వేగం పెరిగినందువల్ల. రేసుల ఎంపిక అయిదు పాయింట్లు ఇస్తుందేమో, పద్ధతి ముప్పై ఇస్తుంది.

అమెరికా రేసర్ మికేలా షిఫ్రిన్ని చూడండి. వెర్మాంట్‌లోని బర్క్ అకాడమీలో (స్కీ, చదువు కలిసిన స్కూలు) ఉన్నప్పుడు ఆమె శిక్షణకి ఇచ్చినంత సమయం రేసులకి ఇవ్వలేదన్నది అందరికీ తెలిసిన సంగతే. 2011 మార్చిలో పదహారు నిండటానికి రెండు రోజుల ముందు ప్రపంచ కప్‌లో దిగింది. 2012 డిసెంబరులో ఓరేలో మొదటి స్లాలమ్ గెలిచింది, 2014లో 18 ఏళ్లకే ఒలింపిక్ స్లాలమ్ బంగారం. 2025 ఫిబ్రవరిలో సెస్ట్రియెరేలో 100వ ప్రపంచ కప్ విజయం. ఆమెతో ఎవర్నీ పోల్చకూడదు, ఒప్పుకుంటాను. కానీ శిక్షణకీ రేసులకీ మధ్య పాళ్లు మాత్రం నేర్చుకోదగ్గవే.

కాలేజీ సంగతి. పదేళ్ల కిందట "కాలేజీకెళ్తే ఇక అయిపోయినట్టే" అనేవారు. పౌలా మోల్ట్‌జన్ ఆ మాటకి జవాబు. 2015లో జూనియర్ ప్రపంచ స్లాలమ్ ఛాంపియన్. 2016లో అమెరికా జట్టు నుంచి పేరు తీసేశారు. వెర్మాంట్ యూనివర్సిటీలో చేరి 2017లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) స్లాలమ్ టైటిల్ గెలిచింది. 2018 నవంబరులో కిల్లింగ్టన్ ప్రపంచ కప్‌లో వెనక బిబ్బుతో దిగి రెండో రన్నుకి చేరి పాయింట్లు తెచ్చుకుంది. అక్కణ్నుంచి మళ్లీ జాతీయ జట్టు, 2025 ప్రపంచ ఛాంపియన్‌షిప్ జీఎస్‌లో కంచు.

ఇది కుదిరిందంటే కారణం కాలేజీ రేసులకి కూడా ఎఫ్ఐఎస్ పాయింట్లు రావడమే. డెన్వర్, యూటా, కొలరాడో, డార్ట్‌మౌత్, వెర్మాంట్, మిడిల్‌బరీ లాంటి జట్లలో యూరప్ నుంచి జాతీయ జట్టు అంచుదాకా వెళ్లి వచ్చినవాళ్లుంటారు. కాబట్టి పెనాల్టీలు బాగుంటాయి, శిక్షణలో రోజూ తనకన్నా వేగమైనవాళ్లు పక్కనుంటారు. ఒక లోటుంది: కాలేజీ రేసింగ్‌లో స్లాలమ్, జీఎస్ మాత్రమే. డౌన్‌హిల్, సూపర్ జీ కావాలనుకుంటే ఈ దారి ఇరుకు.

చోటు దొరకడం తేలిక కాదు. పెద్ద జట్ల కోచ్‌లు చూసేది 30 పాయింట్ల చుట్టుపక్కల ఉన్నవాళ్లని, అందులోనూ యూరప్ వాళ్లతో పోటీ. అమెరికా అమ్మాయిలు చాలామంది హైస్కూల్ అయ్యాక ఒక ఏడాది, రెండేళ్లు స్కీకే ఇచ్చి ఆ తర్వాత చేరతారు. అలా ఆగాలనుకుంటే ఎన్‌సీఏఏ నియమాలు ముందే చదవండి, ఎక్కువ ఆలస్యమైతే అర్హత సంవత్సరాలకి కోత పడుతుంది. అకాడమీలయితే బోర్డింగ్‌తో కలిపి ఏడాదికి 50 వేల డాలర్లు దాటడం మామూలే, అందులో స్కీలు, వేసవి క్యాంపులు కలిసి ఉండవు. కొలరాడోలో ఉంటున్నారు కాబట్టి కొండ మీది క్లబ్బు, బయట స్కూలు అనే కలయిక మీకు కుదురుతుంది. నేనయితే యు16 అయ్యేదాకా అకాడమీ మాట ఎత్తను.

ప్రపంచ కప్ దాకా వెళ్తే డబ్బుంటుందా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి అదీ చెప్పేస్తా. పాయింట్లు అక్కడ తిరగబడి ఉంటాయి: గెలిస్తే 100, రెండుకి 80, మూడుకి 60, ముప్పయ్యో స్థానానికి 1. ప్రైజు డబ్బు కూడా ఆ వాలులోనే పోతుంది, పైన బాగుంటుంది, ఇరవై దాటాక హోటల్ బిల్లుకి సరిపోతే గొప్ప. నిజమైన రాబడి స్కీ కంపెనీ ఒప్పందం, హెల్మెట్ మీద స్పాన్సరు. సూటు ఫెడరేషన్‌ది, నుదురు మాత్రం రేసర్ సొంతం. ఫినిష్‌లో హెల్మెట్ తీయకుండా, స్కీలు ఊడదీసి మొహం పక్కన నిలబెట్టుకుని నిలబడతారు చూడండి, అందుకే.

పీర్‌పంజాల్ పక్కింటోడు:

ఇండియా ప్రశ్నకి నేను జవాబిస్తా.

మొదటి అడ్డంకి పాస్‌పోర్టు. పాప అమెరికా పౌరురాలైతే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఉన్నా, ఇండియాకి ఆడటం కుదరదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే దేశం తరఫున పోటీ చేయాలన్నది మన ప్రభుత్వ నియమం, మన దగ్గర ఒకేసారి రెండు పౌరసత్వాలు ఉంచుకోవడం కుదరదు. ఎఫ్ఐఎస్ లైసెన్సు కూడా పాస్‌పోర్టున్న దేశం ద్వారానే. లూకాస్ బ్రాటెన్ నార్వే వదిలి బ్రెజిల్‌కి, మార్సెల్ హిర్షర్ ఆస్ట్రియా వదిలి నెదర్లాండ్స్‌కి మారగలిగారంటే వాళ్లకి తల్లి వైపు నుంచి ఆ పౌరసత్వం ఉంది, పాత ఫెడరేషన్లు ఒప్పుకుని వదిలాయి. ఆ వదలడం లేకపోతే వేచి ఉండాలి, పాయింట్లూ పోవచ్చు. పాప దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే అది వేరే సంగతి, మొదటి లైసెన్సు తీసుకోకముందే నిర్ణయించుకోండి.

"పోటీ ఉండదు" అన్నది సగం నిజం. ఒలింపిక్స్‌లో చిన్న దేశాలకి ఒక్కో చోటు దొరికే పద్ధతి ఉంది కానీ దానికీ పాయింట్ల గడప ఉంది. 2018లో ఆ గడప 140, 2022లో 160. ప్రతి ఒలింపిక్స్‌కీ మారుతుంది. కశ్మీర్‌కి చెందిన ఆరిఫ్ మహమ్మద్ ఖాన్ 2022 బీజింగ్‌లో మన దేశం నుంచి దిగిన ఒకే ఒక్క క్రీడాకారుడు. జీఎస్‌లో 45వ స్థానం, స్లాలమ్ పూర్తి కాలేదు. స్లాలమ్ అర్హత ఎక్కడ తెచ్చుకున్నాడనుకుంటున్నారు? దుబాయ్‌లో, మాల్ లోపలి మంచు వాలు మీద జరిగిన ఎఫ్ఐఎస్ రేసుల్లో. జీఎస్ అర్హత మాంటెనెగ్రోలో. మిరపకాయ గారన్న "సాదా వాలు కలిసొస్తుంది" అన్న మాటకి ఇంతకన్నా ఉదాహరణ లేదు.

మనాలీకి చెందిన ఆంచల్ ఠాకూర్ 2018 జనవరిలో టర్కీలోని ఎర్జురుమ్‌లో తెచ్చిన కంచు, అంతర్జాతీయ స్కీయింగ్‌లో మన దేశానికి మొదటి పతకం. వీళ్లిద్దరి ఊళ్ల పక్కనే మంచుంది. అయినా పాయింట్ల కోసం యూరప్‌కి పోవాల్సిందే, ఎందుకంటే గుల్మర్గ్‌లో, ఔలీలో ఎంత బాగా దిగినా, ఎఫ్ఐఎస్ క్యాలెండర్‌లో లేని రేసుకి అంకె రాదు. మంచు పడేది కూడా కొద్ది నెలలే. హైదరాబాద్ నుంచి "మా వాణ్ని ఒలింపిక్ స్కీయర్ చేయాలి" అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ఏడాదికి నూరు రోజులు మంచు మీద నిలబెట్టగలరా, లేదా. ఆ ఒక్కటి తేలాక మిగతావి మాట్లాడుకుందాం.

లేక్‌వుడ్ నాన్న:

అందరికీ చాలా చాలా థాంక్స్. మార్కరు పెన్ను చిట్కా నిన్ననే చేసి చూశాం, రంగు ఒక వైపే పోయింది, అంటే ఇన్నాళ్లూ కోణం తప్పుగా పెడుతున్నానన్నమాట. పాస్‌పోర్టు సంగతి బంధువులకి పంపించేశాను, కొన్నాళ్లు ప్రశాంతం.

ఇంకొక్కటి. వేసవిలో చిలీ క్యాంపులో సూపర్ జీ మొదలుపెడదామంటున్నారు. మా ఆవిడకి మోకాళ్ల భయం. ఏం అడగాలి, ఏం చూడాలి?

మంచులో మిరపకాయ:

శాస్త్రి గారూ, రేసుల వెంట పరుగు గురించి మీరన్నది ఒప్పుకుంటున్నా. తొలి సీజన్‌లో పది పన్నెండు స్టార్టులు చాలు.

సూపర్ జీ నేర్చుకోవడం మంచిదే. వేగం అలవాటైన పిల్ల జీఎస్‌లో కూడా భయపడదు. పైగా డౌన్‌హిల్ వాళ్లు ముదిరే కొద్దీ మెరుగవుతారు, డిడియర్ కూష్ 2012లో 37 ఏళ్ల వయసులో కిట్జ్‌బూల్ డౌన్‌హిల్ గెలిచాడు. తొందరేమీ లేదు.

మోకాలి ముందు లిగమెంటు తెగేది ఎక్కువగా పడినప్పుడు కాదు, పడటానికి ముందు. బయటి స్కీ మంచు మీద పట్టు తప్పుతుంది, రేసర్ కాలు చాచి దాన్ని వెతుక్కుంటుంది, అది హఠాత్తుగా లోపలి అంచు మీద పట్టేస్తుంది, మోకాలు వంగి లోపలికి మెలిపడుతుంది. సెకనులో చిన్న ముక్కలో అంతా అయిపోతుంది. ఈ మెలికకి బైండింగ్ ఊడదు, దానికోసం తయారైనదీ కాదు. తెగితే తిరిగి రావడానికి తొమ్మిది నెలలు కనీసం. రెండు కాళ్ల బలం, గెంతు దాదాపు సమానం అయ్యాయని పరీక్షలో తేలకుండా గేట్లలోకి పంపొద్దు. గాయాన్ని ఫెడరేషన్ ద్వారా నమోదు చేయించండి, పాత పాయింట్లకి కొంత రక్షణ ఉంటుంది. చాలామంది ఈ కాగితం పని మర్చిపోయి మళ్లీ అట్టడుగు బిబ్బు నుంచి మొదలుపెడతారు.

సామాను: హెల్మెట్ మీద ఆర్‌హెచ్ 2013 (ఎఫ్ఐఎస్ హెల్మెట్ ప్రమాణం) స్టిక్కర్ ఉండాలి, జీఎస్, సూపర్ జీ రెండింటికీ. వీపు రక్షణ, కోత పడని లోదుస్తులు. ఎయిర్‌బ్యాగ్ చొక్కా ప్రపంచ కప్ వేగపు రేసుల్లో 2024–25 నుంచి తప్పనిసరి. మీ స్థాయిలో నియమం ఏదైనా, సూపర్ జీ గేట్లలోకి దిగుతుంటే కొనండి. గాలి డబ్బా నిండా ఉందో లేదో, బ్యాటరీ ఎంతుందో ప్రతి ఉదయం చూసుకునే అలవాటు పాపదే కావాలి, మీది కాదు.

క్యాంపు సంగతి మాత్రం గట్టిగా అడగండి. రేసు రోజున కోర్సు పక్కన వలలు, డాక్టరు, హెలికాప్టర్ ఏర్పాటు ఉంటాయి. శిక్షణ రోజున ఎంత ఉంటే అంత. 2024 అక్టోబరులో ఇటలీకి చెందిన 19 ఏళ్ల మటిల్డే లోరెంజి, 2025 సెప్టెంబరులో చిలీలోని లా పార్వాలో అదే దేశపు మత్తేయో ఫ్రాన్జోసో, ఇద్దరూ శిక్షణలో పడే ప్రాణాలు కోల్పోయారు. ఫ్రాన్జోసో రెండు వరసల వలలు దాటి బయటున్న చెక్క కంచెకి తగిలాడు.

కాబట్టి డబ్బు కట్టే ముందు క్యాంపు నడిపేవాళ్లకి ఈ ప్రశ్నలు రాసి పంపండి, జవాబు కూడా రాతలోనే అడగండి. సూపర్ జీ కోర్సు పక్కన వలలు ఎన్ని వరసలు, వాటి వెనక ఎంత ఖాళీ ఉంది, ఆ ఖాళీ దాటాక ఏముంది: చెట్లా, స్తంభాలా, కంచా. జనం మామూలుగా స్కీ చేసే వాలుకీ కోర్సుకీ మధ్య అడ్డు ఏమిటి. స్టార్టు దగ్గర, మధ్యలో, ఫినిష్ దగ్గర రేడియో ఎవరి చేతిలో ఉంటుంది, ముందు దిగినామె కోర్సు దాటిందని ఎవరు చెబితే తర్వాతామెని వదులుతారు. స్ట్రెచరు ఎక్కడుంటుంది, తలకి దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రి, ఎన్ని నిమిషాలు. మొదటి రోజే గేట్లలోకి దింపుతారా, లేక ఒకటి రెండు రోజులు ఆ స్కీల మీద ఖాళీ వాలు, గెంతులు అలవాటు చేయిస్తారా. చివరి రెండు ప్రశ్నలకి "అవన్నీ అక్కడికొచ్చాక చూద్దాం" అన్న జవాబొస్తే ఆ క్యాంపు వదిలేసి, ఆ డబ్బుతో నవంబరులో కాపర్ మౌంటెన్‌లో శిక్షణ రోజులు కొనుక్కోండి. మీ ఇంటికి గంటన్నర దూరం కూడా లేదు, వలలు మీ కళ్లతోనే చూసుకోవచ్చు.